సాంచ సైగలు

వినబడని మనిషికి తలూపడం అలవాటవుతుంది. సోమలింగం అందులో ఆరితేరినవాడు. నీళ్లు తక్కువ పోయమంటే తలూపేవాడు, ఎక్కువ పోయమన్నా తలూపేవాడు. మొదటి వారం అది వినయమనుకున్నాడు, మట్టిపని నేర్పే నరహరి. రెండో వారం అనుమానం వచ్చి, మాస్కు వెనక నుంచే గంభీరంగా, "సోమన్నా, మీ ముంతలో ఏనుగు కూర్చుంది" అన్నాడు. సోమలింగం ఎంతో మర్యాదగా తలూపి మళ్లీ మట్టి మీదికి వంగాడు. పక్కనున్న సంధ్య నవ్వాపుకోలేక ముక్కు పట్టుకుంది. ఆమె మాస్కు మీద మట్టి వేలిముద్ర ఇంకొకటి పెరిగింది.

ముప్పై రెండేళ్లు మరమగ్గాల మధ్య బతికిన మనిషి సోమలింగం. మరమగ్గాన్ని సిరిసిల్ల వైపు సాంచ అంటారు. ఆ మాట నేతపనితో పాటే సూరత్ వచ్చి ఇక్కడ స్థిరపడింది. నలభై సాంచలు ఒక్కసారి నడిచే షెడ్డులో పక్కవాడి కేక పక్కవాడికే వినబడదు. అట్లా ఏడాదికింత చొప్పున చెవులు అరిగిపోయాయి. అయినా పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. ఇప్పుడు ఊరందరి పెదవుల మీదా మాస్కులు వచ్చి పడ్డాయి.

పర్వత్ పాటియా పేటలో నరహరి పాఠం చెప్పే గది కూడా ఒకప్పుడు సాంచల షెడ్డే. ఇప్పుడక్కడ ఆరు కుమ్మరి సారెలున్నాయి, కాలి కింద పెడల్ నొక్కితే కరెంటుతో తిరిగేవి. కరోనా రాకముందు ఇరవైమంది నేర్చుకునేవారు. ఆ ఏడు ఆగస్టులో మళ్లీ తలుపులు తెరిస్తే వచ్చింది అయిదుగురు. అందుకని కిటికీ వైపు చిన్న బ్యాచి, గోడ వైపు పెద్ద బ్యాచి, రెండూ ఒకే గంటలో ఒకే గదిలో. చిన్న బ్యాచి అంటే కొత్తవాళ్లు. వాళ్లు చేసినదేదీ బట్టీలోకి పోదు. ఎంత ముద్దుగా ఉన్నా తీగతో కోసి తొట్టిలో వేయాల్సిందే. జానెడు ఎత్తు గొట్టాలు మూడు, వరసగా, వంకర లేకుండా లేపినవాళ్లు పెద్ద బ్యాచికి వెళ్తారు. వాళ్ల కుండలకు మూతలుంటాయి, చెవులుంటాయి, నిప్పు యోగం ఉంటుంది.

ఈ నియమం నరహరిది కాదు, ఆయన భార్య పద్మారాణిది. అసలు ఆ గదే ఆమెది. పక్కవీధిలో ప్రజాపతులనే కుమ్మరుల ఇంటి ముసలమ్మ దగ్గర సరదాగా మొదలుపెట్టి, పదిహేనేళ్లలో ఆమె ఎందరికో సారె తిప్పడం నేర్పింది. కార్పొరేషన్ తెలుగు బడిలో పంతులుగా పనిచేసి దిగినవాడు నరహరి. సెలవురోజుల్లో ఆమెకు మట్టి పిసికిపెట్టేవాడు. పిసుకుతూ పిసుకుతూ తానూ నేర్చుకున్నాడు. అంతకుముందు ఏడాది చలికాలంలో పదకొండు రోజుల జ్వరంతో ఆమె వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు గదికి తాళం. తెరిచే ధైర్యం ఆయనకు కలగలేదు. చివరికి పెద్ద బ్యాచి హేతల్‌బెన్ ఫోన్ చేసి, "నరహరిభాయ్, మనుషులు ఎట్లాగూ ఇంట్లో తుప్పు పట్టారు, చక్రాలనైనా కాపాడండి" అని హిందీలో దెబ్బలాడితే వచ్చి తాళం తీశాడు. తొట్టిలో మట్టి రాయయి ఉంటుందనుకున్నాడు. మూత ఎత్తితే తడిగోనె కింద మట్టి మెత్తగా, నల్లగా, నిన్ననే కలిపినట్టు ఉంది. పద్మారాణి ఉన్నప్పుడు గది ఊడ్చిన ఎల్లవ్వ దగ్గర ఇంకో తాళంచెవి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక గల్లీలోనే ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే ఎనిమిది నెలలూ వారానికోసారి వచ్చి గోనె తడిపి పోయింది.

"ఎందుకు తడిపావు ఎల్లవ్వా?" అని అడిగితే, "ఎండిపోతది గద సారూ" అంది. అంతకన్నా కారణం ఉండాలా అన్నట్టు చూసింది.

కాబట్టి ఆమె ఒకటి అడిగితే నరహరి కాదనలేడు. ఆమె అడిగింది కూడా.

"మా ఇంటాయనకు జర మట్టి పని నేర్పుండ్రి."

"నేర్చుకోవాలని ఆయనకుందా?"

"ఆయనకేం లేదు. గోడకు మొకం పెట్టి కూసుంటడు. నాకుంది."

గుమ్మం బయటే నిలబడి, కొంగు మాస్కు మీదుగా లాక్కుని, సంగతంతా చెప్పింది. లాక్‌డౌన్‌లో సోమలింగం చుట్టుపక్కల సాంచలవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ల చోట్లో వేరే రాష్ట్రాలవాళ్లు వచ్చారు. ఒకరోజు వెనక నుంచి నూలు చుట్టిన బరువైన బీము దొర్లుకొస్తుంటే అందరూ అరిచారు, ఈయనకు తెలియలేదు. దెబ్బ తగల్లేదు గాని, సేఠ్ మర్నాడే చాయ్ తాగించి, "కాకా, ఇక ఇంటి దగ్గర ఆరాం చెయ్యి" అని పంపించాడు.

"ఊరికి పోతనంటుండు సారూ. తమ్ముని ఇంట్ల మూలకు కూసుంటడట. నేను రానన్న. నా స్టోన్ పని ఈడ, నా మనుషులు ఈడ. ఆఖరికి షరత్ కట్టిన. దీపావళి సెలవుల దాక మట్టి నేర్సుకో. పెద్ద బ్యాచిలకు పోతివా, ఈడనే ఉండాలె. పోకపోతివా, నీ తొవ్వ నీది, నా తొవ్వ నాది."

"ఒప్పుకున్నాడా?"

"తలకాయ ఊపిండు. ఉత్తగనే ఊపిండేమో అని మళ్లడిగిన. మళ్ల ఊపిండు." గొంతు తగ్గించింది. "జాలిపడి ఎక్కియ్యకుండ్రి. చెవులు పోయినయి గని కండ్లున్నయి ఆయనకు. తెలుసుకుంటడు."

చీరల మీద రాళ్లు అతికే పని ఆమెది. అతికిన రాయి నిలబడుతుందా రాలిపోతుందా అన్నది ఒక్క చూపులో చెప్పగలదు. ఆ చూపుతోనే నరహరిని ఒకసారి చూసి వెళ్లిపోయింది.

*

పద్మారాణి మాటలతో నేర్పేది కాదు. కొత్తవాళ్ల వెనక నిలబడి, వాళ్ల చేతుల మీద తన చేతులు వేసి, మట్టి నడిమికి రావడమంటే ఏమిటో వాళ్ల అరచేతులకే చెప్పేది. నరహరికి ఆ దారి మూసుకుపోయింది. సారెకు సారెకు మధ్య ఆరడుగుల దూరంలో నేల మీద పసుపు పట్టీ అతికించి ఉంది. దాటకూడదు, తాకకూడదు. ఇక ఆయనకు మిగిలింది మాటే. ముప్పైనాలుగేళ్లు మాట తిని బతికినవాడు, మాటకేం తక్కువ? మట్టిని నడిమికి తేవడం గురించి పావుగంట చెప్పగలడు. చెప్పాడు కూడా. సోమలింగం పావుగంటా తలూపాడు.

పలక తెచ్చి 'మెల్లగా' అని రాసి చూపించాడు. పలక చూస్తే మట్టి కనబడదు, మట్టి చూస్తే పలక కనబడదు. మాస్కు తీసి ముఖానికి ప్లాస్టిక్ తొడుగు పెట్టుకున్నాడు. అది రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి, నరహరి ముఖం మంచులో దీపంలా అయింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టినా సోమలింగం అయోమయంగానే చూశాడు.

ఆ సాయంత్రం ఎల్లవ్వ నవ్వు దాచుకోకుండా చెప్పింది. "మీ నోరు పుస్తకం లెక్కుంటదట సారూ. 'మెల్లగా' అంటరట. మాకు 'జర నిమ్మలం' అంటె తెలుస్తది."

నరహరి మర్నాడు 'జర నిమ్మలం' అనడం సాధన చేశాడు. సంధ్య అది విని, "సార్, మీరు అట్ల అంటె మా తాతను ఎవరో డబ్బింగ్ చేసినట్టుంది" అంది. ఆ పిల్ల సూరత్‌లోనే పుట్టి పెరిగింది, సలాబత్‌పురా బట్టల బజారులో చీరల డిజైన్లు గీసే కొలువు. మూడు భాషల్లోనూ తోచింది తోచినట్టు అనేస్తుంది.

అసలు చిక్కు మాటల్లో లేదని నరహరికి తెలుస్తూనే ఉంది, కాని ఎక్కడుందో అందడం లేదు. సోమలింగం చేతులు మంచివి. మట్టి నడిమికి తేవడం వారంలో పట్టుకున్నాడు. బొటనవేలితో గుంట తీయడం కుదిరింది. గోడ లేపేటప్పుడే వచ్చేది గండం. వేళ్ల మధ్య గోడ కొంచెం లేచి, సన్నగా అదిరేది. అదరని గోడ ఉండదు. అదిరినప్పుడు చేతులు అక్కడే ఉంచి, ఊపిరి బిగబట్టకుండా, నెమ్మదిగా పట్టు సడలిస్తే అదే కుదురుకుంటుంది. కాని అది అదరగానే సోమలింగం రెండు చేతులూ మెరుపులా వెనక్కి లాగేవాడు. కాలు పెడల్ మీది నుంచి ఎగిరిపోయేది. సారె టక్కున ఆగేది. గోడ ఒక పక్కకు ఒరిగేది. ప్రతిసారీ అంతే. సెప్టెంబరు నెలాఖరుకి ఆయన గొట్టం ఒక్కటీ బెత్తెడు ఎత్తు దాటలేదు. పక్కనున్న సంధ్య మూడు గొట్టాలూ లేపి పెద్ద బ్యాచికి వెళ్లిపోయింది.

భయమనుకున్నాడు నరహరి. భయానికి మందేమిటో పంతులుగా తెలుసు, ధైర్యం చెప్పడం. వినబడనివాడికి ధైర్యం ఎట్లా చెప్పాలో మాత్రం తెలియలేదు. అప్పటికే సోమలింగం ఒక కాగితం మీద 'వరంగల్లు, ఒక్కరికి' అని రాసి సంధ్య చేతిలో పెట్టాడు. దీపావళి ముందు మంగళవారానికి ఆమె ఫోన్‌లో టికెట్టు తీసి, తీసినందుకు తనలో తానే తిట్టుకుంది.

*

అక్టోబరు మొదట్లో ఒక పొద్దున ఎల్లవ్వ గుమ్మంలోకి వచ్చింది. లోపల ఆరుగురికి మించి ఉండకూడదు కాబట్టి గడప దాటలేదు. కేక వేసినా లాభం లేదు కాబట్టి వేయలేదు. మొగుడు తలెత్తేదాకా ఆగి, చేతులెత్తింది.

బొటనవేలితో చూపుడువేలు మీద ఏదో చిన్నది పెట్టి నోట్లో వేసుకున్నట్టు చూపించి, కనుబొమ్మ ఎగరేసింది. సోమలింగం మట్టిచేతులతోనే ఒకటి రెండు విదిలింపులు విదిలించాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది, తర్వాత రెండు చేతులా అందుకుంది. వేళ్లు విరిచింది, తిప్పింది, తన తల మీద తానే ఒకటి కొట్టుకుంది. అతను భుజాలు కుదించాడు, ఆకాశం చూపించాడు, పళ్లికిలించాడు. ఆమె కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పి, అటుపక్క వీధి వైపు చూపించింది. అతను ఒళ్లంతా ఊగేలా నవ్వాడు. ఒక్క శబ్దం లేదు. గదిలో అన్ని సారెలూ ఆగిపోయాయి.

"ఏమంటోంది?" అన్నాడు నరహరి నోరు తెరిచి.

"సారూ, బీపీ గోలీ ఏసుకోకుండ వచ్చిండు," ఎల్లవ్వ ఇప్పుడు గొంతుతో అంది. "యాది లేదంటడు. అన్నం తినుడు యాదుంటది, గోలీ యాదుండదు. సేఠ్ ఉన్నప్పుడే నయం, భయానికైన ఏసుకునేటోడివి అన్న."

"ఇదంతా సైగలతోనా?"

"సాంచల కాడ నోరెవనికి పనికొస్తది? నేను గూడ పన్నెండేండ్లు గదే షెడ్డుల కండెలు చుట్టిన. మా పెండ్లి మాటలు గూడ గట్లనే అయినయి."

నరహరి మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న గుర్తొచ్చాడు. నాన్న కూడా సాంచ నడిపినవాడే. ఇంట్లో అన్నం తింటూ నాన్నా, చిన్నాయనా అట్లాగే వేళ్లతో మాట్లాడుకుని నవ్వుకునేవారు. ఏడేళ్ల నరహరి ఒకరోజు ఆ వేళ్లను అనుకరిస్తే నాన్న చేతి మీద ఒక్కటి వేశాడు. 'ఇవి నేర్సినవంటె సాంచ కాడికే పోతవ్. నువ్వు పుస్తకం నేర్వు.' నాన్న మాట విని పుస్తకం నేర్చుకున్నాడు, దాంతోనే అన్నం తిన్నాడు. అది తప్పేం కాదు. కాని తన ఇంట్లో మాట్లాడిన భాష ఒకటి తనకు రాకుండా పోయిందని అరవై ఒకటో ఏట, తడి మట్టి వాసన మధ్య, తెలిసింది.

"ఎల్లవ్వా, జర ఆగు. ఆయన చేతులు చూడు," అన్నాడు. గోడ లేపమని సోమలింగానికి చూపించాడు. గోడ లేచింది, అదిరింది. చేతులు వెనక్కి ఎగిరాయి, సారె టక్కున ఆగింది.

ఎల్లవ్వ ఒక్కసారి చూసిందో లేదో, "అయ్యో, గదా!" అంది. "పోగు తెగిందనుకుంటుండు సారూ."

"ఏమిటి?"

"సాంచ అదిరిందంటె పోగు తెగినట్టు. అప్పుడు ఆలోచన చేసుడుండదు, చెయ్యి తీసుడు, సాంచ బందు చేసుడు. జర ఆలిషమైతె గజం బట్ట కరాబు. ముప్పై ఏండ్లు గట్ల చేసిన చెయ్యి అది. ఆయన భయపడ్తలేడు. పని చేస్తుండు."

మంచి పనివాడు కాబట్టే ఓడిపోతున్నాడన్నమాట. నరహరికి ఒళ్లు తేలికైంది. నెలన్నరగా తాను సరిచేస్తున్నది లోపాన్ని కాదు, ఒక మనిషి జీవితకాలపు నేర్పుని.

"మరి సాంచ అదిరినా, పోగు తెగలేదు, ఏం కాదు అని చెప్పాలంటే? దానికి సైగ ఉందా?"

"ఎందుకు లేదు!" ఎల్లవ్వ అరచెయ్యి కిందికి తిప్పి, బర్రె వీపు నిమిరినట్టు గాలిలో రెండుసార్లు నిమిరింది. "నడువనీ. ఏం కాలె, నడువనీ. కొత్తగ చేరినోనికి ఎదురు సాంచోడు గిట్ల చెప్తడు."

నరహరి ఆ సైగ నేర్చుకున్నాడు. మొదట చెయ్యి గట్టిగా కొట్టినట్టు వచ్చింది. "గట్ల చేస్తె బర్రె తంతది సారూ" అంది ఎల్లవ్వ. మళ్లీ చేశాడు.

ఆ తర్వాత స్టూలు తీసుకుని సోమలింగానికి సరిగ్గా ఎదురుగా, పసుపు పట్టీకి ఇవతల కూర్చున్నాడు. మట్టి మీది నుంచి చూపు కొంచెం ఎత్తితే తన చెయ్యి కనబడాలి. గోడ లేచింది. అదిరింది. సోమలింగం భుజాలు బిగుసుకోవడం చూసి నరహరి గాలిలో బర్రెను నిమిరాడు. నడువనీ. సోమలింగం చూపు ఆ చేతి మీద పడింది. వేళ్లు వెనక్కి కదలబోయి, కదలకుండా ఆగాయి. గోడ అదురుతూనే రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో కుదురుకుంది.

సోమలింగం మట్టిని చూశాడు, పంతులుని చూశాడు. తలూపలేదు. పెదవులు కనబడకపోయినా, కళ్ల పక్కన ముడతలు పడ్డాయి.

*

అక్కడి నుంచి గది తీరే మారిపోయింది. ఎల్లవ్వ రోజూ పావుగంట గడపలో కూర్చుని సైగలు చెప్పేది. రెండు చూపుడువేళ్లు కలిపి చటుక్కున విడదీస్తే పోగు తెగినట్టు. పిడికిలి బిగిస్తే ఆపు. నూలు పట్టి లాగినట్టు మునివేళ్లు పైకి తీస్తే ఇంకా లేపు. మాస్కుల వెనక మాటలు నానిపోయి ఒకరికొకరు అర్థంగాక విసుక్కుంటున్న మిగతావాళ్లకు కూడా అది సుఖంగా తోచింది. హేతల్‌బెన్ బ్యాంకులో అద్దం వెనక కూర్చునే మనిషి. "రోజంతా అరిచి అరిచి గొంతు పోతోంది, ఇది మా బ్యాంకులో కూడా పెట్టాలి" అంది.

తప్పులూ జరిగాయి. ఒకరోజు నరహరి, 'కొంచెం' నీళ్లు పోయమని చిటికెనవేలు చూపించాడు. సోమలింగం సారె ఆపి, ఎంతో దయగా, వెనకవైపున్న మరుగుదొడ్డి తలుపు చూపించాడు. ఇంకోరోజు కుండకు పొట్ట తీయమని హేతల్‌బెన్ కడుపు ముందు చెయ్యి గుండ్రంగా తిప్పితే సోమలింగం ఉలిక్కిపడి, నిటారుగా కూర్చుని వాకిలి వైపు చూశాడు.

"సేఠ్ వస్తుండన్నట్టు అది!" ఎల్లవ్వ గడపలో కూలబడి నవ్వింది.

"వస్తే రానీ, కాకాను తీసుకుపోతానంటే నేనే ఆ సేఠ్‌కి పొట్ట తీస్తాను" అంది హేతల్‌బెన్, సంధ్య తెలుగులోకి తిప్పి చెప్పగానే.

సోమలింగానికి ఆ మాట సైగల్లో చేరింది. అతను బదులుగా ఏదో చేశాడు. ఎల్లవ్వ "ఛీ, అది మగోళ్లు చేసుకునే సైగ, మీకు చెప్ప" అని కొంగు నోట్లో కుక్కుకుంది. సాంచల షెడ్డులో ఈయనే అందరికన్నా పెద్ద అల్లరివాడట. నలుగురికి నవ్వి నవ్వి పోగులు తెగేవట. నెలన్నర తన ముందు మూగగా తలూపుతూ కూర్చున్నవాడు ఇతనేనా అనుకున్నాడు నరహరి.

గొట్టం మాత్రం అంత తొందరగా లేవలేదు. చెయ్యి మారడానికి చెయ్యి ఒప్పుకోవాలి. ఒకరోజు బెత్తెడున్నర, మరోరోజు అంతకన్నా తక్కువ. దసరా దాటాక ఒక గురువారం మొదటిసారి జానెడు లేచింది. దాన్ని తీగతో కోసి తొట్టిలో వేయాలంటే నరహరికే ప్రాణం ఒప్పలేదు. సోమలింగమే కోశాడు, నేత దిగిన తానును కోసినంత మామూలుగా.

*

పరీక్ష శనివారం పెట్టారు. మంగళవారం రైలు.

ఎల్లవ్వ గడపలో కూర్చుంది. పనికి రాళ్లు తెచ్చుకుంది గాని ఒక్కటీ అతికించలేదు. గోడ వైపు పెద్ద బ్యాచి తమ పని తాము చేసుకుంటున్నట్టు నటిస్తోంది. హేతల్‌బెన్ ఆరోజు రెండు జానల ఎత్తు కూజాకు పూనుకుంది. అంత పెద్దది ఆమె ఎన్నడూ చేయలేదు.

మొదటి గొట్టం సాఫీగా లేచింది. నరహరి జానతో కొలిచాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, సరిగ్గా. రెండోది నడిమిలో అదిరింది. నరహరి చెయ్యి ఎత్తబోయాడు, కాని సోమలింగం తలెత్తి చూడనేలేదు. తనకు తానే ఏదో చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిలి మాస్కు కదిలింది. గోడ కుదురుకుంది. అదీ జానెడు.

మూడో ముద్ద నడిమికి వచ్చింది. గుంట పడింది. గోడ లేవడం మొదలైంది, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. ముప్పాతిక దాకా వచ్చింది. ఎల్లవ్వ లేచి నిలబడింది. ఇంకొక్క లాగుడు, అంతే.

అప్పుడే గోడ వైపు నుంచి "కాకా!" అని కేక వినబడింది. హేతల్‌బెన్ కూజా మెడ దగ్గర ఊగుతోంది. ఆమె చేతులు వెనక్కి లాగేసుకోబోతోంది. అరిచి లాభం లేదని తెలిసి కూడా ఆమె నోటికి వచ్చింది ఆ పిలుపే. సోమలింగానికి కేక వినబడలేదు. కాని ఎదురుగా ఒక అదురు కనబడింది. ముప్పై రెండేళ్లుగా తన సాంచతో పాటు ఎదుటివాడి సాంచను కూడా ఓరకంట కనిపెట్టిన కన్ను అది.

అతని కుడిచెయ్యి గోడ మీది నుంచి లేచింది. గాలిలో, తొణక్కుండా, రెండుసార్లు నిమిరింది. నడువనీ.

హేతల్‌బెన్ చేతులు ఆగాయి. ఆమె కూజా ఊగి, ఊగి, నిలబడింది.

సోమలింగం గొట్టం ఆసరా తప్పి, ఒక పక్కకు వాలి, తడిగుడ్డలా తన మీద తానే మడతపడింది.

హేతల్‌బెన్ తన కూజాను చూసి, ఆ మడతను చూసి, మట్టిచేతులతోనే కళ్లు మూసుకుంది. మొదట మాట్లాడింది ఎల్లవ్వే.

"సారూ, రెండైతె అయినయి గద. మూడోది గూడ అయినట్టే. ఆమె కోసం..."

"జాలిపడవద్దన్నది నువ్వే ఎల్లవ్వా."

"అన్న. నా నోరు కాలిపోను, అన్న."

ఎక్కించేస్తే ఎవరు కాదంటారు? పద్మారాణి ఉంటే ఏం చేసేది? ఆమె ఏం చేసేదో నరహరికి తెలియదు. తెలిసినట్టు నటించడం కూడా ఇష్టం లేదు. ఎదురుగా ఉన్నది సోమలింగం. అతని కళ్లు తన చేతుల మీదే ఉన్నాయి. అబద్ధం చెబితే చేతులు పట్టిస్తాయి. నరహరి రెండు చూపుడువేళ్లు కలిపి, బరువుగా, విడదీశాడు. పోగు తెగింది, సోమన్నా.

సోమలింగం మాస్కు గడ్డం కిందికి లాగాడు. ఇన్ని వారాల్లో అతని గొంతు ఎవరూ సరిగా వినలేదు. సాంచల మీదుగా వినిపించడానికి పెరిగిన గొంతు అది, గది అదిరిపోయింది.

"తెగితె తెగనీ సార్! ముడేస్తె అయిపాయె. ఆ అక్కది నడిచిందా లేదా?"

"నడిచింది," అన్నాడు నరహరి, తర్వాత గుర్తొచ్చి చేత్తో చెప్పాడు.

"గంతే!" అని సోమలింగం తీగ తీసుకుని మడతపడ్డ మట్టిని కోసి, మళ్లీ ముద్ద చేయడం మొదలుపెట్టాడు. పిసుకుతూ అడిగాడు. "దీపావళి పోయినంక కొత్తోళ్లు ఎంతమంది వస్తున్నరు?"

నాలుగు వేళ్లు చూపించాడు నరహరి.

"చిన్న బ్యాచిలనే ఉంట. నన్ను అందరికి ఎదురుంగ కూసోబెట్టు సార్. నా చేతులు కనబడాలె వాళ్లకు. మీరు ఒక్కరు ఎంతమందికి ఎదురుంగ కూసుంటరు?"

నరహరి లేచి వెళ్లి తొట్టి మూత తీసి, ఆరోజు అవసరం లేకపోయినా, గోనె మీద నీళ్లు చల్లాడు. వెనక చప్పుడు వినబడి తిరిగాడు. ఎల్లవ్వ మొగుడి చూపు తన వైపు తిప్పుకోవడానికి కాలితో నేల తన్ని, రెండు చేతులూ ఝాడించి అడుగుతోంది. గడపలో ఆమె నీడ కూడా అడుగుతోంది. షరత్ ఏమైంది? ఓడిపోతివి గద? మరి మంగళవారం రైలు?

సోమలింగం ఆమె చేతులను పూర్తిగా చూశాడు. చూసి, మెల్లగా, గట్టిగా, రెండు కళ్లూ మూసుకున్నాడు. చెవులున్నవాడు ముఖం తిప్పుకుంటే చాలు. అతనికి వినదలుచుకోని మాట తప్పించుకోవడానికి ఉన్న దారి అదొక్కటే. కళ్లు మూసుకునే మట్టిముద్దను పిసికాడు. మాస్కు లేని నోటి చివర్లు మాత్రం ఆగలేదు.

"కాకా, టికెట్ కేన్సిల్ కరూఁ? చెయ్యాల్నా?" ఫోన్ పట్టుకుని సంధ్య అటూ ఇటూ చూసింది. "కళ్లు తెరవడం లేదు. ఎల్లవ్వక్కా, ఎట్ల అడగాలె ఈయనను?"

"గీ మనిషి నాకు కొత్తనా?" అంది ఎల్లవ్వ, కొంగుతో ముక్కు తుడుచుకుని, రాళ్ల డబ్బా మూత బిగిస్తూ. "కడుపుల ఆకలయ్యేదాక తెరువడు. నువ్వు కేన్సిల్ చెయ్ బిడ్డా."